మైదా జిగురు, ఒక పాత అక్షరం

ఒంగోలు, డిసెంబర్ 10, 2023, ఆదివారం

మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటి ఐదు రోజులైంది. ఇంట్లో చెమ్మ ఇంకా వదల్లేదు. చర్చి నుంచి రాగానే ట్రంకుపెట్టె తెరిచాను. మూడు రోజులుగా నా టెన్షనంతా దానిమీదే. అనుకున్నంతా అయింది. క్రిస్మస్ పుస్తకం అట్ట మెత్తబడింది, చివర నాలుగు పేజీలు అతుక్కుపోయాయి.

మిద్దె మీద నులక మంచం వేసి, పాత చీర పరిచి, నీడపట్టున ఆరబెట్టాను. నేరుగా ఎండలో పెడితే కాగితం పెళుసెక్కుతుంది. అతుక్కున్న పేజీలను ఆవిరి చూపించి, నాయనమ్మ జడసూదితో ఒక్కొక్కటే విడదీశాను. మధ్యాహ్నమంతా దానికే సరిపోయింది. ఒక్క అక్షరం కూడా పోలేదు!

చిన్న కథే. లూకా సువార్త రెండో అధ్యాయంలో రాత్రివేళ మందను కాసుకునే కాపరులున్నారు కదా, వాళ్లలో ఒక పిల్లవాడి కథ. అందరూ బేత్లెహేముకు పరిగెడితే, వాడు కుంటి గొర్రెపిల్లను వదల్లేక వెనకబడతాడు. దాన్ని భుజానేసుకుని తెల్లారేసరికి చేరతాడు.

1958లో నాయనమ్మకు సండే స్కూల్లో ఇచ్చిన బహుమతి అది. మొదటి పేజీలో నీలం సిరాతో ఆమె పేరు. "మన ఇంట్లో పుస్తకం మీద పేరు ఎక్కింది నాదే మొదలమ్మాయ్" అంటుంది. నాయనమ్మ తాతలది 1876-78 నాటి ధాత కరువు చూసిన తరం. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వే పని కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించిన రోజులవి. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటిదాకా మావాళ్లను బడి అరుగు ఎక్కనిచ్చిన వాళ్లు లేరు. అందుకే ఆ సిరా పేరు చెక్కుచెదరలేదని చెప్పేదాకా నాయనమ్మ అన్నం ముట్టలేదు.

ఇరవై నాలుగో తేదీ రాత్రి, ఇంట్లో కొత్తగా చదవడం వచ్చిన పిల్లలెవరో వాళ్లే ఈ కథ పైకి చదవాలి. మొదట చదివింది పెదనాన్న. "గొఱ్ఱె" దగ్గర ఆగిపోయాడట. పాత రాతలో వచ్చే బండి ఱ తెలియదు పాపం. "గొ..." అని గుటకలు మింగుతుంటే అందరూ కలిసి "గొర్రె!" అని అందించారు. తర్వాత నాన్న, అత్త, అన్న, నేను, అందరం అక్కడే ఆగాం. ఇప్పుడు చదివేవాళ్లకు ఆ అక్షరం వచ్చినా సరే, అక్కడ ఆగాల్సిందే, ఇల్లంతా అరవాల్సిందే.

ఈసారి వంతు అన్న కూతురిది. బెంగళూరులో వాళ్ల బడిలో తెలుగు లేదు. అమ్మ దసరా నుంచి రోజూ వీడియో కాల్‌లో నేర్పుతోంది. సాయంత్రం నేను ఆరిన పేజీ ఒకటి ఫోన్‌కు చూపించాను. వేలు పెట్టుకుని, కూడబలుక్కుని చదువుతూ వచ్చి, "గొ..." దగ్గర ఆగింది. నేను నోరు తెరవబోతే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడొద్దు. ఆ రోజు అందరం ఉన్నప్పుడు."

రాత్రి మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, వెన్ను అతికించాను. అది ఆరేదాకా పైన రుబ్బురోలు పొత్రం పెట్టాను. పొద్దున్నే తీయాలి.