బీపీ మాత్ర వేసుకుంటే కాళ్ళెందుకు వాచాయి?

పన్ను చూపించుకోవడానికి వెళ్తే ముందుగా బీపీ చూశారు. 168/102. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, నిద్ర బాగానే పడుతోంది. నమ్మబుద్ధి కాలేదు. ఇంట్లో మిషను పెట్టుకుని ఉదయం, సాయంత్రం చూసుకుంటే అంకెలు అంతంతలోనే ఉన్నాయి. డాక్టరు గారు ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రోజుకొకటి వేసుకోమన్నారు.

ఈ మందు నిదానంగా పనిచేస్తుంది. ఒంట్లో చేరిన మందులో సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అందుకే రోజూ వేసుకుంటూ పోతే వారం దాటాక గానీ దాని పూర్తి బలం తెలియదు. ఇది ముందే చెప్పారు కాబట్టి మొదటి రోజుల్లో బీపీ దిగకపోయినా టెన్షన్ పడలేదు. కొంత దిగి అక్కడే ఆగిపోయింది. మోతాదు 10కి పెంచారు.

అప్పుడు బీపీ దారికొచ్చింది, కాళ్ళు వాచాయి. పొద్దున లేచేసరికి మామూలుగానే ఉండేవి. సాయంత్రానికి చీలమండలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడేది. అమ్మ చూసి, "కాళ్ళకి నీరు పట్టిందే, కిడ్నీలు చూపించుకో" అంది. నా భయమూ అదే. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీన్, గుండెకు ఎకో, అన్నీ చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి.

మరి వాపు ఎందుకు? డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. రక్తనాళం గోడలో ఉన్న కండరం బిగుసుకోవాలంటే దాని కణాల్లోకి కాల్షియం వెళ్ళాలి. ఈ మందు ఆ దారులను చాలావరకు మూసేస్తుంది. కండరం సడలుతుంది, నాళం విచ్చుకుంటుంది, బీపీ తగ్గుతుంది. అయితే విచ్చుకునేవి ఎక్కువగా ధమనులే, సిరలు అంతగా విచ్చుకోవు. వచ్చే రక్తం పెరిగి పోయే దారి అలాగే ఉండడంతో, మధ్యలో ఉన్న సన్నటి నాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. కిడ్నీలు పనిచెయ్యక నిలిచిన నీరు కాదిది. అందుకే నీరు పోయే మాత్రలతో ఈ వాపు పెద్దగా తగ్గదట. మోతాదు పెరిగేకొద్దీ వాపు వచ్చే అవకాశమూ పెరుగుతుంది.

ఆమ్లోడిపిన్‌ను మళ్ళీ 5కి దించి, టెల్మిసార్టాన్ 40 జతచేశారు. అది సిరలను కూడా కొంత సడలిస్తుంది, బీపీకీ పనికొస్తుంది. పొటాషియం, క్రియాటినిన్ మరోసారి చూశారు. వాపు ఒక్కసారిగా పోలేదు గానీ, మెల్లమెల్లగా దిగిపోయింది. ఇప్పుడు నా బీపీ 126/78 దగ్గర నిలకడగా ఉంటోంది. బీపీ ఉన్న ఎంతోమంది కాళ్ళు వాచగానే మందు మానేస్తారు, ఎవరికీ చెప్పరు. నాకు బాధ కలిగించేది అదే. మార్చుకునే వీలుందని వాళ్ళకు తెలిస్తే ఎంత బాగుండు!

మా అక్క కూడా కాల్షియం దారులను మూసే మందే వాడుతుంది, కానీ ఆవిడది డిల్టియాజెమ్. అది గుండె వేగాన్ని కూడా తగ్గిస్తుంది, ఆవిడ గుండె దడకు అదే కావాలి. అందుకే బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే ఇంకో రకం మందులు) వాడేవాళ్ళకు దాన్ని చాలా జాగ్రత్తగా ఇస్తారు. రెండూ కలిస్తే నాడి మరీ నెమ్మదించవచ్చు. ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోకూడదని మా ఇంట్లో గట్టిగా చెప్పుకున్నాం. "కాల్షియం మాత్రలు మానెయ్యాలా?" అని అక్క అడిగితే, ఎముకల కోసం మామూలు మోతాదులో వాడేవాటిని దీనికోసం ఆపనక్కర్లేదన్నారు.

పళ్ళ డాక్టరుకు కూడా నా మందు పేరు చెప్పాను. కొందరిలో దీనివల్ల చిగుళ్ళు పెరుగుతాయి. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్ రాస్తున్నప్పుడు కూడా చెప్పాలి, ఆ రెండూ కలిస్తే బీపీ బాగా పడిపోవచ్చు.

ఇంకొకటి. నాకు వచ్చిన వాపు రెండు కాళ్ళకూ ఒకేలా వచ్చింది, నొప్పి లేదు. ఒక్క కాలే వాచి నొప్పి పెడుతున్నా, వాపుతో పాటు ఆయాసం వస్తున్నా అది మాత్ర వల్లే అనుకుని కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.