మళ్లీ వాయిదా

ఈ రోజు నాన్నతో కోర్టుకెళ్లాను. పదింటికి చేరితే మూడింటికి పిలిచారు, రెండు నిమిషాల్లో వాయిదా. ఒక బిల్డర్‌కి గ్రిల్స్, గేట్లు చేసిచ్చిన బాకీ అది. ఆరేళ్లవుతోంది. కవర్లో బిల్లులు మడతల దగ్గర చిరిగిపోతే నాన్న టేపు అంటించుకున్నారు.

ఆ డబ్బొస్తే ఇంకో కటింగ్ మిషన్ కొని, ఇద్దరు కుర్రాళ్లను పనిలో పెట్టుకోవాలనుకున్నారు. ఇప్పుడేమో తెలిసినవాళ్లకు తప్ప అరువుకు పని చెయ్యరు. పక్క జిల్లా నుంచి పెద్ద ఆర్డరొచ్చినా "వద్దులేరా" అనేస్తారు. నాకు అన్నిటికంటే బాధ అక్కడే. ఇంత పనితనం ఉండి, చట్టం మన వెనక నిలబడుతుందన్న ధైర్యం లేక ఆ షెడ్డు దగ్గరే ఆగిపోయారు.

ప్రపంచ బ్యాంకు 2020 నివేదిక చూడండి. ఇలాంటి వ్యాపార బాకీ కోర్టులో తేలి చేతికి రావడానికి సింగపూర్‌లో 164 రోజులు, మన దేశంలో 1,445 రోజులు (ఢిల్లీ, ముంబైల లెక్క అది). సింగపూర్ సాక్ష్య చట్టానికి నమూనా మన 1872 నాటి పాత చట్టమే (2024లో దాని స్థానంలో కొత్తది వచ్చింది)! పుస్తకంలో రాత చాలావరకు ఒకటే. కోర్టు నడిచే తీరే వేరు. పెట్టుబడి ఎటు పోతుందో వేరే చెప్పాలా?

వచ్చే వాయిదా తారీఖు బస్సులో కూర్చుని నాన్న ఆ కవరు మీదే రాసుకున్నారు.