మోటారు షెడ్డులో ఇనుప ఊచ

మా నాన్న కరెంటు బిల్లులు మోటారు షెడ్డులో ఓ ఇనుప ఊచకి గుచ్చేవాడు. 2003 ఎండాకాలానికి అది నిండిపోయింది.

1999 అసెంబ్లీ ఎన్నికల్లో 91 సీట్లతో ఓడిన కాంగ్రెస్, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు కట్టించిన హైటెక్ సిటీ బాగాలేదంటే మా ఊళ్లో ఎవరు వింటారు? (బాగానే ఉంది, నేనూ నోరెళ్లబెట్టి చూశాను.) కాంగ్రెస్ నాయకుడు వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచి, ఉచిత కరెంటు ఇస్తామన్నాడు. హైదరాబాద్ ఎంత వెలిగిందన్న ప్రశ్న కాస్తా మా చేలో మోటారు తిరుగుతుందా అన్న ప్రశ్న అయిపోయింది. కరువు కూడా కలిసొచ్చిందనుకోండి.

"ఓట్ల ముందు అందరూ దానకర్ణులే" అన్నాడు నాన్న. అయినా వేశాడు.

2004లో కాంగ్రెస్‌కి 185 సీట్లు. మే 14న ముఖ్యమంత్రిగా వైఎస్ ప్రమాణం, అదే రోజు ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం.

ఆ ఊచకి ఇప్పుడు అమ్మ ఎండుమిరపకాయలు గుచ్చుతోంది.