పెన్నుకి లేతు, ఒక మోటారు గొడవ

చెక్క పెన్నులు చేద్దామని లేతు (చెక్కని గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం) కొనాలనుకుంటున్న చిన్నాడు మళ్ళీ అదే లింకు పంపాడు. అరచేతంత లేతు, 24 వోల్టుల డీసీ మోటారు, ముందు బుల్లి డ్రిల్ చక్కు (పట్టి బిగించే దవడ), "పెన్నులకు ప్రత్యేకం" అని పెద్ద అక్షరాలు. పడుకుందామంటే ఆ రెండు మాటలే బుర్రలో గిర్రున తిరుగుతున్నాయి.

ఏం ప్రత్యేకమో! దానికి స్పిండిలే, అంటే సొంత బేరింగుల మీద తిరిగే ఇరుసే లేదు. చక్కుని సరాసరి మోటారు షాఫ్టుకే దిగ్గొట్టారు. మాండ్రెల్‌ని, అంటే పెన్ను చెక్కలు గుచ్చే కడ్డీని, అవతలినుంచి టెయిల్‌స్టాకుతో (జరిపి బిగించే ఎదురు దిమ్మతో) నొక్కిపట్టాలి కదా, ఆ తోపుడంతా మోటారులో ఉన్న చిన్న బేరింగులే మొయ్యాలి. అవి అందుకోసం చేసినవి కావు. కొన్నాళ్ళకి షాఫ్టు ఆడుతుంది, పెన్ను కోలగా వస్తుంది. గౌజు ఉలి కాస్త లోతుకి దిగిందా, మోటారు నిలబడిపోతుంది. మోర్స్ టేపర్ (మాండ్రెల్ మొదలు దూర్చే, లోపలికి సన్నబడే బెజ్జం) లేదు కనక ఎంటీ2 సైజు మాండ్రెల్ ఎక్కదు. అంత డబ్బు పోసి మళ్ళీ అతుకులు!

"ఏటికొప్పాకలో లేతులు మాత్రం ఏపాటివి?" అన్నాడు వాడు. నిజమే. అంకుడు కర్రని ఒక కొసన బిగించి తిప్పుతారు. తిరుగుతున్న బొమ్మకి లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ అక్కడ లేతు ఎక్కడ తిప్పితే అదే బొమ్మకి నడుమ. పెన్నుకి అలా కుదరదు. 7 మిల్లీమీటర్ల బెజ్జం ముందే వేసి, ఇత్తడి గొట్టం అంటించేస్తాం. నడుమ అప్పుడే తేలిపోయింది. మాండ్రెల్ వెంట్రుకవాసి వంగినా చెక్క ఒకవైపు పల్చన, ఇంకోవైపు మందం. క్లిప్పు బిగించే చోట మెట్టు వేలికి తగులుతుంది.

మంచి లేతు మీదా ఈ తంటా వస్తుంది. మాండ్రెల్ నట్టు అతిగా బిగిస్తే కడ్డీ విల్లులా వంగుతుంది. లైవ్ సెంటర్ (టెయిల్‌స్టాకులో పనితో పాటే తిరిగేది) మొన 60 డిగ్రీలు కాకపోతే కుదురుగా కూర్చోదు.

అందుకే కొట్లో మోటారు హెచ్‌పీ కంటే ముందు చూడాల్సింది వేరు. రెండువైపులా మొన సెంటర్లు పెట్టి, ఎదురెదురుగా తెచ్చి, మొనలు కలుస్తున్నాయో లేదో చూడాలి. టెయిల్‌స్టాకు బిగించి మళ్ళీ చూడాలి, ఎందుకంటే చాలావాటిలో బిగించేటప్పుడే పక్కకి జరుగుతుంది. స్వింగు (తిప్పగలిగే ముక్క వ్యాసం) 8 అంగుళాలున్నా చాలు. బెడ్డు, అంటే లేతు పీఠం పొడవు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. బెజ్జం కూడా లేతు మీదే వేస్తే చక్కు, చెక్క, డ్రిల్ బిట్టు అన్నీ వరసలో పట్టాలి. 12 అంగుళాలు ఇరుకు, 16 హాయి.

వేరియబుల్ స్పీడు (మీట తిప్పి వేగం మార్చే వీలు) లేనిది కొనొద్దని వాడికి గట్టిగా చెప్పేశాను. ఇప్పుడు రాస్తుంటే అంత గట్టిగా అనక్కర్లేదేమో అనిపిస్తోంది. బెజ్జానికి 500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), చెక్కడానికి 2500, 3000. బెజ్జాలన్నీ ఒక పూట వేసుకుని, చెక్కడం ఇంకో పూట పెట్టుకుంటే వేగం కోసం బెల్టుని ఇంకో పుల్లీ మీదికి మార్చేది ఒక్కసారే. కరెంటు ఎగిరిపడే ఊళ్ళో స్పీడు బోర్డు (వేగం మార్చే ఎలక్ట్రానిక్ పలక) లేకపోవడమే నయం. తక్కువ వేగంలో పట్టు కూడా బెల్టుకే ఎక్కువ.

మిగిలిన డబ్బుతో ఉలికి సాన పెట్టుకోడానికి బెంచ్ గ్రైండరు, దానికి తెల్ల రాయి కొనమనాలి. మొద్దు ఉలితో చెక్క తెగదు, పెచ్చులు లేస్తుంది, కొసల్లో మరీను. రేపు పొద్దున్నే వాడికి ఫోన్ చెయ్యాలి, ఆ లింకు వాడు నొక్కెయ్యకముందే.