స్పీడ్ తగ్గించాకే క్లేలు పగిలాయి: కార్ట్రిడ్జ్ ఎంపికలో నా అనుభవం

నిన్న ట్రాప్ రౌండ్‌లో, అంటే గాల్లోకి విసిరే క్లే బిళ్లల్ని షాట్‌గన్‌తో పగలగొట్టే ఆటలో, 25కి 23 కొట్టాను. రెండు నెలల కిందట ఇదే రేంజ్‌లో 11 దగ్గర ఆగిపోయాను. ఈ మధ్యలో తుపాకీ మార్చలేదు, చోక్ (బారెల్ కొనలోని ఇరుకు) మార్చలేదు, కళ్లద్దాలు కూడా మార్చలేదు. మార్చింది కార్ట్రిడ్జ్ స్పీడ్ ఒక్కటే. అదీ పెంచలేదు, తగ్గించాను. ఆ వేడి చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ట్రాప్ కార్ట్రిడ్జ్‌లో నింపే సీసపు గుండ్ల మొత్తం బరువు 24 గ్రాములు, ఒక్కో గుండు వ్యాసం 2.6 మిల్లీమీటర్లు దాటకూడదు. అందుకని బరువు గురించి బుర్ర పాడుచేసుకునే పని లేదు. గుండు సైజు విషయంలో చాలామందిలాగే ఏడున్నర నంబర్ తీసుకున్నాను. ఇక తేల్చుకోవాల్సింది స్పీడే. డబ్బాల మీద సెకనుకు 1,200 అడుగుల దగ్గర మొదలై 1,400 పైదాకా రాసి ఉంటుంది.

ఈ గొడవంతా మొదలవకముందు నా స్కోరు 18, 19 దగ్గర తిరిగేది. కుడివైపు బాగా వాలుగా వెళ్లే క్లేలు తప్పిపోయేవి. కోచ్ సార్ చెప్పింది ఒక్కటే మాట: "క్లే వెనక పేలుస్తున్నావు. తుపాకీ ఆపకు." అది అభ్యాసంతో పోయే తప్పు. కానీ రేంజ్‌లో సీనియర్ ఒకాయన, "స్పీడ్ పెంచు తమ్ముడూ, లీడ్ (క్లే కంటే ముందుకు గురిపెట్టే దూరం) సంగతి దానంతటదే సర్దుకుంటుంది" అన్నాడు. కష్టపడే దారి కంటే కొనుక్కునే దారి ఎవరికైనా ముద్దే కదా, నాకూ అదే నచ్చింది.

దుకాణంవాడు నా తుపాకీ బరువెంతో అడగలేదు. రోజుకు ఎన్ని రౌండ్లు వేస్తానో అడగలేదు. తిన్నగా లోపలికి వెళ్లి అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న డబ్బా తెచ్చి, పోటీలకెళ్లేవాళ్లంతా ఇదే వాడతారన్నాడు. 1,400 అడుగుల సరుకు. నాలుగు పెట్టెలు మోసుకొచ్చాను. ఆ రెండు ప్రశ్నలు అడగనివాడి దగ్గర కార్ట్రిడ్జ్‌లు కొనండి గానీ సలహా మాత్రం తీసుకోకండి.

మొదటి రౌండ్‌లో 20 వచ్చింది. ఇంకేం, ఎగిరి గంతేశాను. మరుసటి వారం 17. ఆపై వారం 15. భుజం ముందువైపు అరచేతి వెడల్పున కమిలి ఊదారంగుకు తిరిగింది. మూడో రౌండ్‌కల్లా తల బరువెక్కేది. నిద్ర సరిపోలేదేమో, ఎండ ఎక్కువైందేమో అని ఏవేవో కారణాలు చెప్పుకున్నాను. కార్ట్రిడ్జ్ మీద అనుమానమే రాలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం జరిగింది మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

స్క్వాడ్‌లో ఆరుగురం. రెండో స్టేషన్‌లో (నిలబడి కొట్టే చోటు) నా వంతు వచ్చింది. "పుల్" అన్నాను, అంటే క్లే వదలమని. క్లే లేచింది, కుడివైపు, స్పష్టంగా కనబడుతోంది. బారెల్ దాని మీదికి వెళ్లింది. ట్రిగర్ నొక్కమని మనసు చెప్పింది, వేలు కదలలేదు. నా ఒళ్లంతా ముందుకు తూలింది, ఎడమకాలు అడుగు ముందుకు పడింది, తుపాకీ పేలలేదు. క్లే హాయిగా వెళ్లి దూరంగా గడ్డిలో పడింది. "లాస్ట్" (తప్పింది) అన్నాడు రెఫరీ. తుపాకీ పాడైందనుకుని విప్పి చూశాను. రెండు కార్ట్రిడ్జ్‌లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, సేఫ్టీ తీసే ఉంది. మూడో స్టేషన్‌లో మళ్లీ అదే. నాలుగో స్టేషన్‌లో ట్రిగర్ నొక్కగలిగాను గానీ ఆ క్షణంలో కళ్లు మూసుకున్నానని నాకే తెలిసిపోయింది. వెనక ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ నేల వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ రౌండ్ 11. పదిహేనేళ్ల కుర్రాడొకడు నా పక్కనే 21 కొట్టి, నా ఎదురుగా ఆ మాట ఎత్తడానికి మొహమాటపడ్డాడు. ఆ మొహమాటం నన్ను కోసేసింది.

అందరూ వెళ్లాక కోచ్ సార్ నన్ను ఉండమన్నారు. "తుపాకీ నేను లోడ్ చేస్తాను. నువ్వు చూడకు. పుల్ అని కొట్టు, అంతే." మొదటి మూడూ పేలాయి. నాలుగోసారి ట్రిగర్ నొక్కగానే టక్కుమని చిన్న చప్పుడు. లోపల పెట్టింది పేలని డమ్మీ కార్ట్రిడ్జ్. కానీ బారెల్ కొన మాత్రం జానెడు కిందికి కుంగింది, భుజం ముందుకు పొడుచుకొచ్చింది, దవడ స్టాక్ (భుజానికీ చెంపకూ ఆనించే భాగం) మీంచి లేచిపోయింది. పేలని తుపాకీకి నా ఒళ్లు దెబ్బ కాచుకుంటోంది! సార్ ఏమీ అనలేదు. మళ్లీ లోడ్ చేశారు. మళ్లీ డమ్మీ, మళ్లీ కుంగింది. పది సార్లలో నాలుగు డమ్మీలు పెట్టారు, నాలుగుసార్లూ అదే తంతు. చివరికి ఒక కార్ట్రిడ్జ్ చేతిలోకి తీసుకుని డబ్బా మీద అంకె చదివి, "ఇది ఎవరు కొనమన్నారు?" అని అడిగారు. నా నోరు పెగల్లేదు.

దీన్ని ఫ్లించ్ అంటారు. పిరికితనం కాదిది. పేలగానే తుపాకీ వెనక్కి తన్నబోతోందని ఒళ్లు ముందే నేర్చుకుని, మనసు మాట వినడం మానేస్తుంది. ఈ తన్ను లెక్కను దుకాణంవాడు చెప్పడు కాబట్టి నేను చెబుతాను. అదే తుపాకీలో, అదే బరువు సీసంతో వేగాన్ని 1,200 నుంచి 1,350కి పెంచితే వేగం పెరిగేది ఎనిమిదో వంతే. తన్ను శక్తి మాత్రం నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నాలుగు రౌండ్లు వేస్తే వంద క్లేలు, మొదటిది తప్పినప్పుడు వాడే రెండో బారెల్ కూడా కలుపుకుంటే నూట యాభై దెబ్బలు. భుజం ఎన్నని గుర్తుపెట్టుకోదు?

పోనీ, అంత తన్ను తిన్నందుకు దక్కిందేమిటి? గుండ్రటి చిన్న సీసపు గుండు గాలిలో చాలా త్వరగా నెమ్మదిస్తుంది. ధ్వని వేగం, అంటే సెకనుకు సుమారు 1,125 అడుగులు, దాటి వెళ్లేటప్పుడు గాలి మరీ గట్టిగా అడ్డుకుంటుంది. అందుకే బయల్దేరినప్పుడు ఉన్న 100 అడుగుల తేడా 40 గజాలు చేరేసరికి సగం కూడా మిగలదు. వాలుగా పోయే ట్రాప్ క్లేకి ఆ తేడా వల్ల తగ్గే లీడ్ దాదాపు ఒక క్లే వెడల్పు, అంటే 11 సెంటీమీటర్లు. గుండ్లు పరుచుకునే వలయమేమో ముప్పావు మీటరు. నేను వెనకపడుతున్నది మీటరు దూరం! ఏ కార్ట్రిడ్జ్ కూడా దాన్ని పూడ్చలేదు. తుపాకీ ఆపకుండా తిప్పితేనే పూడుతుంది. సార్ మొదటిరోజే చెప్పారు.

తర్వాత పనులు చకచకా జరిగాయి. రెండు వారాలు అసలు పేల్చలేదు, ఇంట్లో ఖాళీ తుపాకీలో డమ్మీలు పెట్టుకుని రోజూ అరగంట ట్రిగర్ నొక్కాను. తర్వాత ఒక మిత్రుడి క్రోనోగ్రాఫ్ (గుండ్ల వేగం కొలిచే పరికరం) మీద మూడు రకాలు కొలిచాం. డబ్బా మీది అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చకండి. ఒకరు బారెల్ కొన దగ్గర కొలుస్తారు, ఒకరు మూడడుగుల దూరంలో, ఇంకొకరు రెండున్నర మీటర్ల దూరంలో. ఆ కాస్త దూరంలోనే పదుల అడుగుల వేగం పడిపోతుంది. మా కొలతలో 1,400 అని రాసినది 1,340 దాటలేదు. పైగా ఒక్కో కార్ట్రిడ్జ్‌ది ఒక్కో వేగం. 1,250 అని రాసిన రకం మాత్రం పదికి పదీ దగ్గర దగ్గరగా వచ్చాయి. నాకు పెద్ద అంకె కంటే ఈ నిలకడే ముఖ్యం.

అసలు తీర్పు చెప్పింది కాగితం. 35 మీటర్ల దూరంలో పెద్ద కాగితం కట్టి 1,400, 1,250 రకాలు రెండూ కొట్టి, చిల్లులు లెక్కపెట్టాం. 24 గ్రాముల్లో ఏడున్నర నంబర్ గుండ్లు సుమారు 300 ఉంటాయి. సార్ ఒక క్లే తీసుకుని, ఎగిరేటప్పుడు కనబడేట్టు అంచు మీద నిలబెట్టి, చిల్లుల మధ్య ఖాళీల్లో ఆనించి చూపించారు. వేగం రకం కాగితంలో ఒక్క గుండూ తగలకుండా క్లే దూరిపోయే సందులు ఏడు దొరికాయి. మెత్తని సీసాన్ని అంత గట్టిగా తోస్తే గుండ్లు నలిగి సొట్టలు పడతాయి, సొట్టపడ్డ గుండు తిన్నగా పోదు. 1,250 రకంలో అలాంటి సందులు రెండే. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. స్పీడ్ పెంచమన్న సీనియర్‌కి చూపించాను కూడా. చూసి, "నాకైతే పనిచేస్తుంది" అని వెళ్లిపోయాడు. ఆయనది నాకంటే అరకిలో బరువైన తుపాకీ, కాబట్టి తన్ను తక్కువ. ఆ సంగతి అప్పుడు చెప్పి ఉంటే నా నాలుగు పెట్టెలు మిగిలేవి.

కొత్తగా ఎంచుకునేవాళ్లు 1,200, 1,250 మధ్య మొదలుపెట్టండి. మూడు నెలలు రకం మార్చకండి. గ్యాస్‌తో నడిచే సెమీ ఆటోమేటిక్ అయితే మరీ నెమ్మది రకం ఖాళీ తొడుగును బయటికి నెట్టలేకపోవచ్చు, ముందు ఒక డబ్బా వేసి చూసుకోండి. చలి బాగా ఉన్నరోజు కార్ట్రిడ్జ్‌లోని తుపాకీ మందు కాస్త నెమ్మదిస్తుంది, దానికి కంగారుపడి వేగం రకానికి పరుగెత్తకండి.

తన్ను తగ్గాక నాకు దొరికిన అసలు లాభం రెండో బారెల్. ట్రాప్‌లో ఒక్కో క్లేకి రెండుసార్లు పేల్చొచ్చు. ఇంతకుముందు మొదటి దెబ్బకే బారెల్ ఆకాశానికి లేచి, అది దిగేలోపు క్లే దాటిపోయేది. ఇప్పుడు దవడ స్టాక్ మీంచి కదలదు, క్లే కంటి ముందే ఉంటుంది.

నిన్న అయిదో స్టేషన్, ఆఖరి క్లే. కుడివైపే, పాత శత్రువు. తుపాకీ ఆపలేదు. నల్లటి పొగలా రాలిపోయింది. పక్కకొచ్చి జేబులు ఖాళీ చేస్తే యాభైలో పంతొమ్మిది కార్ట్రిడ్జ్‌లు పేల్చకుండా మిగిలాయి. పంతొమ్మిదింటికి మొదటి బారెలే సరిపోయిందన్నమాట.