రాతిపువ్వును తిరగేసి చూస్తేనే పార్మోట్రెమా తెలుస్తుంది

బిర్యానీలో వేసే రాతిపువ్వు ఒక లైకెన్, అంటే శిలీంద్రమూ శైవలమూ కలిసి జీవించే దేహం. కిరాణా కొట్టులో కొన్న పొట్లంలో తరచుగా ఒకటికి మించిన జాతులు కలగలిసి ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది పార్మోట్రెమా ప్రజాతి. ఆకుల్లా పరుచుకునే లైకెన్లను గుర్తుపట్టడం నేర్చుకోదలచినవారు చెట్ల బెరడు గీకనక్కర లేకుండా, ఆ పొట్లంతోనే మొదలుపెట్టవచ్చు.

ఎండిన ముక్క పట్టుకోగానే విరిగిపోతుంది కాబట్టి ముందు కొంతసేపు నీళ్లలో నాననివ్వాలి. మెత్తబడ్డాక మొదట తమ్మెలను, అంటే అంచున ఆకుల్లా చీలిన భాగాలను చూడాలి: పార్మోట్రెమాలో అవి వెడల్పుగా, చాలా జాతుల్లో సుమారు సెంటీమీటరు మేర ఉండి, గుండ్రని కొసలతో, కొద్దిగా పైకి లేచిన అంచులతో కనిపిస్తాయి. అయితే అసలు ఆనవాలు అడుగున ఉంటుంది. బూడిద రంగు పైభాగాన్ని మాత్రమే చూసి ప్రజాతి పేరు చెప్పడం సరికాదని నా దృఢమైన అభిప్రాయం. తిరగేసి భూతద్దంతో పరిశీలిస్తే నడిమి భాగం నల్లగా ఉండి, బెరడును పట్టుకునే రైజైన్లు అనే నల్లని పోగులు అక్కడక్కడా కనిపిస్తాయి. అంచును సమీపించేకొద్దీ ఆ నలుపు గోధుమరంగుకు తిరిగి, చివరి కొన్ని మిల్లీమీటర్ల మేర ఒక్క పోగైనా లేని నున్నని పట్టీగా మిగులుతుంది.

ఆ పోగులు రెండేసి పాయలుగా చీలుతూ, తమ్మెలు ఇరుకుగా, కొసలు కత్తిరించినట్టుగా ఉంటే అది హైపోట్రకైనా అనే వేరే ప్రజాతి. పైభాగంలో తెల్లని చుక్కలుంటే పంక్టీలియా అనే మరో ప్రజాతి కావచ్చు. పార్మోట్రెమా రెటిక్యులేటమ్ మాత్రం కొంత తికమక పెడుతుంది, ఎందుకంటే దాని పైపొర వలలా సన్నగా పగిలి ఉండటమే కాక, రైజైన్లు కూడా దాదాపు అంచుదాకా వస్తాయి.

ప్రజాతి తేలాక జాతి సంగతి. అంచున పిండి రాలినట్టు సొరీడియా అనే సన్నని పొడి, పొట్టి నల్లని వెంట్రుకలు ఉంటే పార్మోట్రెమా పెర్లాటమ్ అనుకోవచ్చు. వెంట్రుకలు లేకుండా, పైభాగమంతా ఐసిడియా అనే సన్నని మొలకలతో గరుకుగా ఉంటే అది టింక్టోరమ్. సందేహముంటే బ్లేడుతో పైపొర గీకి, బయటపడిన తెల్లని పొరపై బట్టలకు వాడే బ్లీచ్ ఒక చుక్క వేయాలి: టింక్టోరమ్‌లో లెకనోరిక్ ఆమ్లం ఉండటంవల్ల వెంటనే ఎర్రబడుతుంది, పెర్లాటమ్ ఎర్రబడదు. పరీక్షించిన ముక్కను మాత్రం వంటకు వాడకూడదు.