రూపాయి ప్యాకెట్ లెక్క

చెన్నై వ్యాసర్పాడిలో ఏ అన్నాచ్చి కొట్టు (వీధి కిరాణా కొట్టు) ముందు నిలబడినా ముందుగా కనబడేవి వేలాడే రూపాయి షాంపూ ప్యాకెట్ల దండలే. సీసాను చిన్నది చేస్తే పేదింట్లో అమ్ముడుపోతుందనుకునే కంపెనీలు ఆ దండను సరిగా చూడలేదు.

అక్కడ ముందు నాణెం, తర్వాతే సరుకు. 25 పైసలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. 50 పైసలు చట్టప్రకారం చెల్లుతాయి గానీ కొట్లో పుచ్చుకునేవాడు లేడు. కాబట్టి ఖర్చు పెరిగితే రూపాయిని రూపాయి పది పైసలు చేయలేం, లోపలి మిల్లీలీటర్లే తగ్గించాలి. అదీ కొంతవరకే. ఒక తలకు చాలక రెండు చింపాల్సి వస్తే అది రెండు రూపాయల షాంపూ అని ఇల్లాలు ఆ రోజే తేల్చేస్తుంది.

జీఎస్‌టీ 18 శాతం ఉన్నప్పుడు ఆ రూపాయిలో 15 పైసలు పన్నుకే పోయేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం, అంటే 5 పైసలలోపు. మిగిలిన పది పైసలు ధరలో తగ్గించడానికి నాణెమే లేదు, సరుకుగా పోయాల్సిందే. పన్ను, కొట్టు వాటా, డిస్ట్రిబ్యూటరు వాటా, ప్యాకెట్ ఫిల్మ్, రవాణా పోగా మిగిలినదాంట్లో షాంపూ తయారవ్వాలి.

సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో వ్యాపారం మొదలుపెట్టి చిక్ షాంపూ అమ్మాడు. దానికి ఆయన తర్వాత పెట్టిన పథకం ఇప్పటికీ గమనించదగ్గది. ఐదు ఖాళీ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ఉచితం. మొదట ఏ కంపెనీవైనా సరే, తర్వాత చిక్‌వే తేవాలి. పోటీవాడు అలవాటు చేసిన కొనుగోలుదారు నడుచుకుంటూ వచ్చేసేవాడు!

ప్యాకెట్ ఎక్కువగా చెడేది అతుకు దగ్గర. నింపేటప్పుడు సీలు పడే చోట షాంపూ చుక్క అంటితే పైకి బాగానే కనిపిస్తుంది, అట్టపెట్టెలో ఒకదానిపై ఒకటి అదిమాక విడిపోతుంది. ఒక్కటి కారినా దండంతా జిడ్డు, కొట్టువాడు మొత్తం వెనక్కిస్తాడు. ప్రతి బ్యాచ్‌లో కొన్నింటిని బరువు కింద పెట్టి చూడాలి. చింపే గాటు లోతు తక్కువైతే తడిచేతికి లొంగదు, పళ్లతో కొరుకుతారు.

నీళ్ల ఫిల్టరు సంగతి వేరు. 300 రూపాయల ఫిల్టరు 3,000 లీటర్లకు వస్తే లీటరుకు 10 పైసలు. 20 లీటర్ల క్యాన్ 40 రూపాయలనుకుంటే లీటరుకు రెండు రూపాయలు. అయినా క్యానే కొంటారు, వారం కూలిలోంచి 300 ఒకేసారి తీయడం కష్టం గనక. రోజుకు 15 లీటర్ల చొప్పున ఫిల్టరు 200 రోజులు వస్తుంది, వాయిదా వారానికి 11 రూపాయలు చాలు. కానీ ఆ 11 కోసం కంపెనీ మనిషిని పంపితే పెట్రోలుకే సరిపోవు. క్యాన్ కుర్రాడికి అప్పగిద్దామంటే, ఫిల్టరు అమ్మి తన క్యాన్ల అమ్మకాన్ని తానే చెడగొట్టుకోడు. ఎలాగూ వారంవారం గడప గడపకూ వెళ్లి చీటీ డబ్బు వసూలు చేసే ఆవిడను పట్టుకోవాలి.